రేస్ కాలమ్ వెనక ఏముందో చూశాకే టేబుల్ పంపండి

మనలో చాలామంది బీఫార్మసీయో ఫార్మ్‌డీయో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్సో చదివి, అమీర్‌పేటలో శాస్ నేర్చుకుని, ఏదో ఒక సీఆర్‌ఓలో కుదురుకున్నవాళ్లమే. రోగి మయామీలోనో హ్యూస్టన్‌లోనో ఉంటాడు, అతని డేటా మాదాపూర్‌లో మన స్క్రీన్ మీద తెరుచుకుంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఫ్యాటీ లివర్ ఏ రేస్‌వారికి ఎంత, ఏ ఎథ్నిసిటీవారికి ఎంత అని తేల్చడం అలా వచ్చే పనుల్లో ఒకటి. చూడ్డానికి తేలికగానే ఉంటుంది. రేస్ కాలమ్ పెట్టి ఒక ఫ్రీక్వెన్సీ, ఒక కై-స్క్వేర్ టెస్టు, ఒక లాజిస్టిక్ రిగ్రెషన్. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అవుట్‌పుట్ వచ్చేస్తుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు. అయినా టేబుల్ తప్పు కావచ్చు.

రేస్ కాలమ్ పేరుకు ఒక్కటే. జన్యువులు, తిండి, ఆదాయం, ఇన్సూరెన్స్, గతంలో వాడిన మందులు, పరీక్ష చేసిన ఆస్పత్రి, అక్కడ పెట్టుకున్న కటాఫ్ అన్నీ దాని వెనకే ఉంటాయి. వాటిని విడదీయకుండా "ఫలానా రేస్‌కు రిస్క్ తక్కువ" అన్న అర్థం వచ్చేలా టేబుల్ పంపితే, దాన్ని నమ్మి ఒక డాక్టర్ ఒక రోగికి స్కాన్ అక్కర్లేదనుకునే ప్రమాదం ఉంది. ఇప్పుడు ఆ నష్టం మునుపటికంటే పెద్దది. కాలేయంలో కొవ్వుతోపాటు ఫైబ్రోసిస్ ఒక మోస్తరుగానో, ముదిరో ఉన్నవారికి 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌ను, 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్‌ను అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. మందు ఉన్న రోజుల్లో జబ్బును గుర్తించకపోతే రోగి ఆ అవకాశాన్ని పోగొట్టుకుంటాడు. కాబట్టి ఈ పని చేతికొస్తే ఏం చూడాలో, ఎక్కడ దెబ్బతింటామో వరసగా చెబుతాను.

కోడ్ కంటే ముందు సబ్జెక్టు

స్పెసిఫికేషన్ తెరిచే ముందు ఒక పూట జబ్బు గురించి చదవండి. హెచ్‌ఐవీ మందులు క్రమం తప్పకుండా వాడుతున్నవారు ఇప్పుడు దీర్ఘకాలం బతుకుతున్నారు. వయసుతోపాటు వచ్చే జబ్బులు వారికీ వస్తున్నాయి, ఫ్యాటీ లివర్ అందులో ముఖ్యమైనది. హెపటైటిస్ బీ, సీ లేని హెచ్‌ఐవీ రోగుల మీద వచ్చిన స్టడీలను కలిపి 2017లో చేసిన మెటా-అనాలిసిస్‌లో సుమారు 35 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది.

రేస్ తేడాల విషయంలో అందరూ మొదట చూసేది హెచ్‌ఐవీ స్టడీని కాదు, టెక్సస్‌లో సాధారణ జనాభా మీద జరిగిన డల్లాస్ హార్ట్ స్టడీని. 2004లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నవారు హిస్పానిక్‌లలో 45 శాతం, శ్వేతజాతీయుల్లో 33 శాతం, నల్లజాతీయుల్లో 24 శాతం. నల్లజాతీయుల్లో ఊబకాయం, డయాబెటిస్ తక్కువేమీ కాదు, అయినా కాలేయంలో కొవ్వు తక్కువ. నాలుగేళ్ల తర్వాత అదే స్టడీ నుంచి పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు బయటపడింది. కొవ్వును పెంచే ఆ మార్పు హిస్పానిక్‌లలో ఎక్కువగా, నల్లజాతీయుల్లో తక్కువగా కనిపించింది. దానికి తోడు, ఒకే బీఎంఐ దగ్గర నల్లజాతీయుల్లో పొట్ట లోపలి కొవ్వు తక్కువగా, మన దక్షిణాసియావారిలో ఎక్కువగా ఉంటుంది.

హెచ్‌ఐవీ వచ్చాక లెక్క ఇంకాస్త చిక్కుపడుతుంది. పాత మందులైన స్టావుడిన్, డిడనొసిన్ మైటోకాండ్రియాను దెబ్బతీసి కాలేయంలో కొవ్వు చేరడానికి కారణమయ్యేవి. కొత్త మందులైన డోలుటెగ్రావిర్‌లాంటి ఇంటిగ్రేజ్ ఇన్హిబిటర్లతో, టెనోఫోవిర్ అలఫెనమైడ్‌తో బరువు పెరుగుతుంది. ఎనిమిది ట్రయల్స్‌ను కలిపి 2020లో ప్రచురించిన విశ్లేషణలో బరువు ఎక్కువగా పెరిగినవారిలో మహిళలు, నల్లజాతీయులు ఉన్నారు. కాలేయంలో కొవ్వు తక్కువని పేరున్న గుంపే బరువు పెరిగే వరసలో ముందుంది. ఒక గుంపులో చూసిన బరువు, కొవ్వు సంబంధాన్ని ఇంకో గుంపుకు అలాగే అంటగట్టకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

డెఫినిషన్‌లోనే రేస్ ఉంది, గమనించండి

2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు ఈ జబ్బు పేరు మార్చాయి. ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ పోయి ఎంఏఎస్‌ఎల్‌డీ వచ్చింది. పాత పేరు కింద, ఆల్కహాల్‌నూ ఇతర కారణాలనూ తీసేశాక మిగిలిందే జబ్బు. కొత్త పేరు కింద, కాలేయంలో కొవ్వుతోపాటు అయిదు మెటబాలిక్ లక్షణాల్లో కనీసం ఒకటి ఉండాలి: బరువు లేదా నడుము చుట్టుకొలత, షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్. బరువు దగ్గర బీఎంఐ కటాఫ్ 25, ఏషియన్లకైతే 23.

దీన్ని డేటాలో పెట్టి చూడండి. ఇద్దరు రోగులున్నారనుకోండి. ఇద్దరి కాలేయంలోనూ కొవ్వు ఒకే మోతాదులో ఉంది, ఇద్దరి బీఎంఐ 23.8, షుగర్, బీపీ, లిపిడ్లు, నడుము కొలత అన్నీ కటాఫ్ లోపలే. ఒకరు శ్వేతజాతీయుడు, ఇంకొకరు న్యూజెర్సీలో ఉంటున్న గుంటూరు మనిషి. డెఫినిషన్ ప్రకారం గుంటూరు మనిషికి ఎంఏఎస్‌ఎల్‌డీ ఉంది, శ్వేతజాతీయుడికి లేదు. వైద్యపరంగా దీనికి ఆధారం ఉంది, తక్కువ బరువు దగ్గరే మనవాళ్లకు మెటబాలిక్ సమస్యలు మొదలవుతాయి. కానీ ఇదే ఎండ్‌పాయింట్‌ను రేస్‌వారీగా పోల్చి "ఏషియన్లలో ఎక్కువ" అని రాస్తే, ఆ తేడాలో కొంత మన డెఫినిషనే పుట్టించింది.

ఇక్కడ రెండు పనులు చేయండి. మొదటిది, కాలేయంలో కొవ్వు శాతాన్ని ఎంఏఎస్‌ఎల్‌డీ శాతం పక్కనే వేరే వరసలో చూపించమని ప్రతిపాదించండి. రెండిటి మధ్య దూరం చూస్తే డెఫినిషన్ ఎంత పని చేసిందో తెలిసిపోతుంది. రెండోది, డెరివేషన్ కోడ్‌ను ఒకటికి రెండుసార్లు చూసుకోండి. రేస్ 'ఏషియన్' అయితే 23, కాకపోతే 25 అని ఒక్క ఇఫ్ కండిషన్ రాసి వదిలేస్తారు. ఒకటికంటే ఎక్కువ రేసులు టిక్ చేసిన మనిషి డీఎం డొమైన్‌లో 'మల్టిపుల్' అని ఉంటాడు, ఏయే రేసులో వివరం సప్‌డీఎంలో ఉంటుంది. దాన్ని మెర్జ్ చేయకపోతే సగం ఏషియన్ అయిన రోగి చప్పుడు లేకుండా 25 కటాఫ్ కిందికి వెళ్లిపోతాడు. రేస్ ఖాళీగా ఉన్నవారి సంగతి ఏమిటో స్పెసిఫికేషన్‌లో రాసి ఉండాలి. రాసి లేకపోతే మీరే ఊహించి వేయకండి, క్వెరీ వేయండి.

ఆల్కహాల్ దగ్గర కూడా ఇంతే జాగ్రత్త. ఎంఏఎస్‌ఎల్‌డీకి వారానికి ఆడవారికి 140 గ్రాములు, మగవారికి 210 గ్రాములు హద్దు. ఫారంలో ఉండేది గ్రాములు కాదు, డ్రింకులు. అమెరికా లెక్కలో ఒక డ్రింకు అంటే 14 గ్రాములు. రోజుకు ఎన్ని అని అడిగారా, వారానికి ఎన్ని అని అడిగారా అన్నది సీఆర్‌ఎఫ్ తెరిచి కళ్లారా చూడండి, వేరియబుల్ లేబుల్‌ను నమ్ముకోవద్దు.

కొలిచిన పద్ధతి తేడాను రేస్ తేడాగా చూపొద్దు

చాలా స్టడీల్లో కొవ్వును కొలిచేది ఫైబ్రోస్కాన్ మెషీన్ ఇచ్చే క్యాప్ విలువతో. ఎంత దాటితే కొవ్వు ఉన్నట్టు అన్నదానికి ఒకే కటాఫ్ లేదు. 248 అని ఒక ప్రసిద్ధ విశ్లేషణ, 302 అని ఇంకో స్టడీ, 275 అని యూరప్ మార్గదర్శకాలు. ఒకే మనిషి ఒకచోట రోగి, ఇంకోచోట ఆరోగ్యవంతుడు.

లెక్క చేసి చూపిస్తాను, అంకెలు ఉదాహరణకే. రెండు సైట్లు, ఒక్కోదానిలో 200 మంది. మొదటి సైట్ 248 కటాఫ్ వాడింది, అక్కడ ఏ రేస్ అయినా 45 శాతం మందికి ఫ్యాటీ లివర్ తేలింది. రెండో సైట్ 302 వాడింది, అక్కడ ఏ రేస్ అయినా 30 శాతం. అంటే ఏ సైట్‌లోనూ రేస్ తేడా లేదు. ఇప్పుడు మొదటి సైట్‌లో 160 మంది హిస్పానిక్‌లు, 40 మంది నల్లజాతీయులు ఉన్నారనుకోండి. రెండో సైట్‌లో 40 మంది హిస్పానిక్‌లు, 160 మంది నల్లజాతీయులు. కలిపితే హిస్పానిక్‌లలో 72, 12 కలిసి 84 మంది, అంటే 42 శాతం. నల్లజాతీయుల్లో 18, 48 కలిసి 66 మంది, అంటే 33 శాతం. లేని తొమ్మిది పాయింట్ల తేడా పుట్టుకొచ్చింది. పైగా అది డల్లాస్ ఫలితాలతో ఒకే దిశలో ఉంది కాబట్టి ఎవరూ అనుమానించరు. మనం ఎదురుచూసిన ఫలితమే వచ్చినప్పుడు ఇంకా గట్టిగా చెక్ చేయాలి.

అందుకే మొదటి టేబుల్ వేయకముందే సైట్, కొలిచిన పద్ధతి, కటాఫ్, రేస్ కలిపి ఒక క్రాస్‌ట్యాబ్ తీయండి. ముడి క్యాప్ విలువలు ఉంటే అందరికీ ఒకే కటాఫ్ పెట్టించండి. కొన్ని సైట్లు అల్ట్రాసౌండ్, కొన్ని సీటీ, కొన్ని ఎంఆర్‌ఐ వాడి ఉంటే వాటిని ఒకే 'అవును/కాదు' ఫ్లాగ్‌లో కలిపే ముందు స్టాటిస్టీషియన్‌ను అడగండి. సాధారణ అల్ట్రాసౌండ్ తక్కువ కొవ్వును పట్టుకోలేదు.

'హిస్పానిక్' ఒకే గుంపు కాదు, 'ఏషియన్' అసలే కాదు

అమెరికా ప్రభుత్వం 1997లో పెట్టిన ప్రమాణం ప్రకారం రేస్ వేరు, ఎథ్నిసిటీ వేరు. ఎథ్నిసిటీ అంటే హిస్పానిక్ అవునా, కాదా అన్న ప్రశ్న. 2024 మార్చిలో రెండిటినీ ఒకే ప్రశ్నగా కలిపి, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాలవారికి కొత్త గడి చేర్చి, కనీసం ఏడు గుంపులుగా మార్చారు. మీ చేతిలోని డేటా ఏ ప్రమాణం కింద తీసుకున్నదో ముందు చూడండి.

పాత పద్ధతిలో ఒక మనిషి శ్వేతజాతీయుడూ హిస్పానిక్కూ కావచ్చు. రేస్ వేరియబుల్ ఒక్కదానితో టేబుల్ వేస్తే హిస్పానిక్‌లు శ్వేతజాతీయుల వరసలోకి కలిసిపోతారు. డల్లాస్ శాతాలతోనే చూడండి: 33 శాతం ఉన్న వందమందికి 45 శాతం ఉన్న వందమందిని కలిపితే 'శ్వేతజాతీయులు' 39 శాతం అవుతారు. అన్నిటికంటే ఎక్కువ రిస్క్ ఉన్న గుంపు టేబుల్‌లో కనపడకుండా పోతుంది. ఏడీఎస్‌ఎల్‌లో రేస్, ఎథ్నిసిటీ కలిపిన గ్రూపింగ్ వేరియబుల్ ఒకటి కావాలని మొదటి మీటింగ్‌లోనే అడగండి.

గుంపు లోపలి తేడాలు కూడా చిన్నవి కావు. హిస్పానిక్‌లలో మెక్సికో మూలాలున్నవారికి ఫ్యాటీ లివర్ ఎక్కువ, పోర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్ మూలాలున్నవారికి తక్కువ. లాస్ ఏంజెలెస్ సైట్‌లో హిస్పానిక్ అంటే ఒకరు, న్యూయార్క్ సైట్‌లో ఇంకొకరు. 'ఏషియన్' గడిలో అయితే చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్, మన తెలుగువాళ్లు అందరూ ఒకే చోట ఉంటారు. వచ్చే సంఖ్యేమో పట్టుమని పదిహేను ఉండదు. 14 మందిలో 5 మందికి ఉంటే 36 శాతం, కానీ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుమారు 13 నుంచి 65 దాకా సాగుతుంది. పీ-వాల్యూ 0.05 దాటిందని "ఏషియన్లలో తేడా లేదు" అని రాస్తే అది తప్పు. తేడా ఉందో లేదో చెప్పేంత డేటా లేదన్నదే నిజం, ఇంటర్వెల్‌తో సహా అలాగే చూపించాలి.

'నాట్ రిపోర్టెడ్' దగ్గర ఇంకో మాట. ఫ్రాన్స్‌లాంటి చోట రేస్ వివరాలు సేకరించడంపై చట్టపరమైన ఆంక్షలున్నాయి. అక్కడి ఖాళీకి, అమెరికాలో రోగి చెప్పడానికి ఇష్టపడక వదిలేసిన ఖాళీకి తేడా ఉంది. రెండిటినీ ఒకే 'మిస్సింగ్'గా ఇంప్యూట్ చేయొద్దు.

యూనిట్ల దగ్గర పోయే పరువు

ఫైబ్రోసిస్ ఎంతుందో అంచనా వేయడానికి ఫిబ్-4 వాడతారు. 2006లో ఈ ఫార్ములాను తయారుచేసింది హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ రెండూ ఉన్న రోగుల డేటాతోనే. వయసును ఏఎస్‌టీతో గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్యను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఫ్యాటీ లివర్‌లో 1.3 కంటే తక్కువైతే ముదిరిన ఫైబ్రోసిస్ అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ.

వయసు 52, ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 180 అనుకోండి. పైన 2496, కింద 180ని 6తో గుణిస్తే 1080. ఫిబ్-4 విలువ 2.31, అంటే ఎటూ తేలని మధ్య వరస. ఇక్కడ 180 అంటే ల్యాబ్ రిపోర్టులో మైక్రోలీటరుకు 1,80,000 అని ఉన్నదాన్ని వెయ్యితో భాగించిన సంఖ్య అంతే. ఒక సైట్ 180 అని, ఇంకో సైట్ 1,80,000 అని పంపుతాయి. మన దేశపు సైట్ అయితే 1.8 లక్షలు అని 1.8 మాత్రమే ఎంటర్ చేసి ఉండొచ్చు. 1,80,000ను అలాగే వేస్తే ఫిబ్-4 విలువ 0.002 వస్తుంది, ఆ సైట్ రోగులంతా లో-రిస్క్ అయిపోతారు. ఆ సైట్‌లో ఒకే రేస్‌వారు ఎక్కువగా ఉంటే, యూనిట్ పొరపాటు కాస్తా రేస్ తేడా అయి కూర్చుంటుంది. ప్రతి ల్యాబ్ వేరియబుల్‌కూ సైట్‌వారీగా కనిష్ఠం, మీడియన్, గరిష్ఠం తీసి చూడటం అయిదు నిమిషాల పని. మానొద్దు.

ఇంకో సంగతి. హెచ్‌ఐవీ వల్ల కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. పై రోగికే ప్లేట్‌లెట్లు 120 అయితే ఫిబ్-4 విలువ 3.47కు పోతుంది, కాలేయం మాత్రం అదే. వైరల్ లోడ్ అదుపులో లేని రోగుల శాతం గుంపుకూ గుంపుకూ వేరైతే ఫిబ్-4 పోలికలో ఆ తేడా కూడా కలుస్తుంది.

మోడల్‌లో ఏం పెడుతున్నాం, ఎందుకు?

చేతికొచ్చిన వేరియబుల్స్ అన్నీ రిగ్రెషన్‌లో వేసి, రేస్ ఆడ్స్ రేషియో ఇంకా సిగ్నిఫికెంట్‌గా ఉంటే "రేస్‌కు స్వతంత్ర ప్రభావం ఉంది" అని రాయడం మన రంగంలో బాగా అలవాటైన తప్పు. బీఎంఐ, డయాబెటిస్, ట్రైగ్లిజరైడ్లు రేస్‌కూ ఫ్యాటీ లివర్‌కూ మధ్య దారిలో ఉన్నవి. వాటిని అడ్జస్ట్ చేస్తే ఆ దారిన వచ్చే తేడాను మనమే తుడిచేస్తాం. చేయకపోతే వేరే ప్రశ్నకు జవాబు చెబుతాం. రెండూ చేయొచ్చు, కానీ ఏ మోడల్ ఏ ప్రశ్నకు జవాబో ఫుట్‌నోట్‌లో ఉండాలి. పైగా ఒకే కొలత అందరిలో ఒకే అర్థమివ్వదు. నల్లజాతీయుల్లో ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉన్నా ట్రైగ్లిజరైడ్లు తక్కువగా ఉండటం తెలిసిన విషయమే. ట్రైగ్లిజరైడ్ కటాఫ్‌తో మెటబాలిక్ రిస్క్ లెక్కిస్తే వారిలో కొందరు జారిపోతారు.

మందుల విషయంలో 'ప్రస్తుత రెజిమెన్' ఒక్కటే వేసి సరిపెట్టొద్దు. 2000కు ముందే చికిత్స మొదలుపెట్టి స్టావుడిన్ ఏళ్ల తరబడి వాడిన రోగి, ఇప్పుడు అందరిలాగే డోలుటెగ్రావిర్ మీద ఉండొచ్చు. చికిత్స మొదలైన సంవత్సరమైనా మోడల్‌లో ఉండాలి.

ఎక్స్‌క్లూజన్లు కూడా అన్ని గుంపులనూ ఒకేలా కోయవు. అమెరికాలో హెపటైటిస్ సీ నల్లజాతీయుల్లో ఎక్కువ. హెపటైటిస్ సీ ఉన్నవారిని తీసేస్తే ఆ వరసలో ఎక్కువమంది పోతారు, మిగిలినవారు మొదటి గుంపుకు ప్రతినిధులు కారు. తీసేయక ముందు, తీసేశాక రేస్‌వారీ సంఖ్యలు చూపే ఒక చిన్న టేబుల్ తప్పకుండా వేయండి.

పరీక్ష ఎవరికి చేశారు?

ట్రయల్ డేటాలో అందరికీ స్కాన్ చేస్తారు. ఆస్పత్రి రికార్డుల నుంచో ఇన్సూరెన్స్ క్లెయిముల నుంచో వచ్చిన డేటాలో అలా కాదు. అక్కడ కె76.0 కోడ్ ఉందంటే ఒక డాక్టర్ ఆ రోగి కాలేయం గురించి ఆలోచించాడని, స్కాన్‌కు డబ్బు కట్టేవారు ఉన్నారని, దాన్ని ఎవరో కోడ్ చేశారని అర్థం. కోడ్ లేకపోతే జబ్బు లేదని అర్థం కాదు. అమెరికాలో హెచ్‌ఐవీతో ఉన్నవారిలో నల్లజాతీయులు దాదాపు 40 శాతం, మొత్తం జనాభాలో వారి వాటా 12 శాతం చుట్టూ ఉంటుంది. "వారికి ఫ్యాటీ లివర్ తక్కువ" అన్న నమ్మకంతో రిఫరల్స్ తగ్గితే, డేటాలో కేసులు తగ్గి, ఆ నమ్మకమే నిజమన్నట్టు కనిపిస్తుంది. అందుకే డయాగ్నోసిస్ శాతం పక్కన, అసలు స్కాన్ జరిగినవారి శాతం రేస్‌వారీగా పెట్టండి.

రాసేటప్పుడు

మెడికల్ రైటింగ్‌లో ఉన్నవారికి ఈ మాట. "నల్లజాతీయులకు సహజ రక్షణ ఉంది" లాంటి వాక్యం డ్రాఫ్ట్‌లో కనిపిస్తే కొట్టేయండి. "ఈ కోహోర్ట్‌లో, ఈ పద్ధతిలో కొలిచినప్పుడు, ఈ వేరియబుల్స్ అడ్జస్ట్ చేశాక ఇంత శాతం" అని రాయండి. వాక్యం పొడుగవుతుంది, కానీ నిలబడుతుంది. 2021లో జామా పత్రిక ఇచ్చిన సూచనల ప్రకారం రేస్‌ను ఎవరు నమోదు చేశారో, ఎందుకు సేకరించారో మెథడ్స్‌లో చెప్పాలి, 'అదర్' అంటే ఎవరో వివరించాలి.

రేస్‌ను సూత్రంలో పెడితే ఏమవుతుందో కిడ్నీల విషయంలో ఇప్పటికే చూశాం. 2009 నాటి ఈజీఎఫ్‌ఆర్ ఫార్ములా నల్లజాతీయుల ఫలితాన్ని 1.159తో గుణించేది. దానివల్ల వారి కిడ్నీలు ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపించి, స్పెషలిస్టు దగ్గరికి, ట్రాన్స్‌ప్లాంట్ జాబితాలోకి చేరడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ గుణకాన్ని తీసేశారు. సగటు తేడాను ప్రతి మనిషికీ అంటగట్టడమే అక్కడ జరిగిన పొరపాటు. కాలేయం విషయంలో మన టేబుళ్లు అందుకు దారి తీయకూడదు.

డెడ్‌లైన్ మీదున్నప్పుడు ఎలా అడగాలి?

డేటాబేస్ లాక్ దగ్గరపడింది, లీడ్ న్యూజెర్సీలో ఉన్నారు, రాత్రి తొమ్మిదికి కాల్. ఇలాంటప్పుడు "రేస్ అనాలిసిస్ సరిగా లేదనిపిస్తోంది" అంటే ఎవరూ వినరు, విననందుకు వారిని తప్పుపట్టలేం. అంకెతో వెళ్లండి. సైట్, కటాఫ్, రేస్ కలిపిన ఒక పేజీ క్రాస్‌ట్యాబ్ తీసి మూడు ముక్కల్లో మెయిల్ పెట్టండి: ఏం కనిపించింది, దానివల్ల ఏ టేబుల్‌లో ఎంత మారుతుంది, ఏం చేయొచ్చు. చివరిదానిలో రెండు ఆప్షన్లు ఇచ్చి, ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతుందో రాయండి. నిర్ణయం వారిది, సమాచారం ఇచ్చినట్టు రికార్డు మీది.

"ప్లాన్‌లో ఉన్నట్టే చేయండి" అని జవాబొస్తే అలాగే చేయండి. స్టాటిస్టికల్ అనాలిసిస్ ప్లాన్‌ను దాటి కోడ్‌లో మీరే సొంతంగా కటాఫ్ మార్చడం, గ్రూపులు కలపడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా ఉద్యోగం మీదికి తెస్తుంది, స్టడీని కూడా పాడుచేస్తుంది. అదనపు విశ్లేషణను పోస్ట్ హాక్ అని పేరుపెట్టి, విడిగా ప్రతిపాదించండి. ఫలితాలు చూశాక గ్రూపులు మార్చమని పై నుంచే అడిగితే, ఆ మాట మెయిల్‌లో రాయమనండి. చాలాసార్లు ఆ అడగడం అక్కడితో ఆగిపోతుంది.

క్యూసీ చేసేవారికి ఒక హెచ్చరిక. మొదట కోడ్ రాసినవారూ మీరూ ఒకే తప్పు స్పెసిఫికేషన్ చదివి కోడ్ రాస్తే ప్రోక్ కంపేర్ తేడా చూపదు. మ్యాచ్ అయింది కదా అని సంతకం పెట్టొద్దు. సోర్స్ దాకా వెళ్లి ఒక్కో గుంపు నుంచి ఇద్దరు ముగ్గురు రోగుల్ని చేత్తో లెక్కేసి చూడండి.

గోప్యత

హెచ్‌ఐవీ డేటాలో చిన్న సంఖ్య చాలా ప్రమాదం. ఒక సైట్‌లో, ఒక వయసులో, ఏషియన్ మహిళ ఒక్కరే ఉంటే పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోవచ్చు. అమెరికా మెడికేర్ డేటాలో 11 కంటే తక్కువ ఉన్న గడిని బయటపెట్టకూడదన్న నియమం ఉంది. మీ స్టడీకి ఏ నియమమో ముందే కనుక్కోండి. స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టి డౌట్ అడగడం, క్యాబ్‌లో కేసుల గురించి మాట్లాడుకోవడం పూర్తిగా మానేయండి. హెచ్‌ఐవీ దేశ సగటు సుమారు 0.2 శాతం, అంతకంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. పక్క సీటులోని సహోద్యోగి రోజూ హెచ్‌ఐవీ మాత్ర వేసుకునే మనిషి కావచ్చు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉద్యోగంలో వివక్షను నిషేధిస్తుంది, హెచ్‌ఐవీ ఉన్న సంగతి బయటపెట్టకుండా కాపాడుతుంది. చట్టం ఉన్నా లేకపోయినా మన నోరు మనం కాపాడుకోవాలి.

పైకి ఎదగాలనుకుంటే

కోడ్ రాసేవారికి ఇప్పుడు కొరత లేదు, అందులో కొంత పని టూల్సే చేస్తున్నాయి. డేటా ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా కొలిచారో, ఏ కాలమ్ దేనికి బదులుగా నిలబడుతోందో అడగగలిగినవారికే సీనియర్ పోస్టులు, స్పాన్సర్ వైపు అవకాశాలు వస్తాయి. ఇంటర్వ్యూలో సబ్‌గ్రూప్ అనాలిసిస్ గురించి అడిగితే ఏ ప్రొసీజర్ వాడతారో చెప్పి ఆగొద్దు. డెఫినిషన్, కొలిచిన పద్ధతి, సైట్, మిస్సింగ్, శాంపిల్ సైజు అనే అయిదూ ఎలా పరిశీలిస్తారో ఒక ఉదాహరణతో చెప్పండి.

రేపు ఇలాంటి టేబుల్ మీద సైన్-ఆఫ్ పెట్టే ముందు ఆ అయిదూ ఫుట్‌నోట్లలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వెనక్కి పంపండి. ఒక రోజు ఆలస్యమైతే మేనేజర్‌కు సమాధానం చెప్పుకోవచ్చు. స్కాన్ అక్కర్లేదని వెనక్కి పంపేసిన రోగికి చెప్పుకోవడానికి మన దగ్గర ఏ సమాధానమూ ఉండదు.